పంతొమ్మిదో రోజున కొత్త ఫైలు

ఇంట్లో ఆమెను అందరూ హడావిడి అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిచేలోపు ఆమె గది దాటి వెళ్లిపోతుంది కాబట్టి ఆ పేరు ఎప్పుడో వాడుకలో లేకుండా పోయింది. ఈ పేరు పెట్టింది పెదనాన్న. ఆమెకు దానిమీద కోపం లేదు. కోపం తెచ్చుకునేంత తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

ఆ రోజు ఉదయం ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా హడావిడి ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని అరచేతులు రుద్దుకుంటోంది. గోడకి అవతల, వెనకగదిలో, బీరువా అంత ఎత్తున పొదిగే మిషను ఉంది. అందులో పన్నెండు వందల కోడిగుడ్లు. వాటికి ఆ రోజు పంతొమ్మిదో రోజు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి రావాలి.

మిషను పెద్దమ్మది. ముప్ఫై ఏళ్లుగా ఆమే గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచుకునేవాళ్లకు ఇస్తోంది. ఈ ముప్ఫై ఏళ్లూ ఒక గాజు థర్మామీటరు, తన రెండు కళ్లు, ఇవే ఆమె సరంజామా. కళ్లంటే చూడటానికని కాదు. గుడ్డు తీసి, మూసిన కనురెప్పకు ఆనించుకుని, "కొంచెం చల్లబడింది" అంటుంది. థర్మామీటరు చూస్తే నిజంగానే అర డిగ్రీ తగ్గి ఉంటుంది. అలాంటి మనిషిని ఒప్పించి మిషనుకి ఒక బోర్డు పెట్టించడానికి హడావిడికి ఎనిమిది నెలలు పట్టింది. అరచెయ్యంత బోర్డు. వేడి తగ్గితే హీటరు వేస్తుంది, పెరిగితే ఆపుతుంది, తేమ తగ్గితే నీటి తుంపర చల్లుతుంది. గంట గంటకీ లేచి చూసుకునే అవస్థ ఉండదు.

"ఒక్క విడత చూస్తా," అంది పెద్దమ్మ చివరికి. "పిల్లలు సరిగ్గా దిగాయా, నీ బోర్డు ఉంటుంది. ఏమాత్రం తేడా వచ్చినా దాన్ని పీకి అటక మీద పడేస్తా. ఇంక ఆ ఊసెత్తకూడదు."

ఆ ఒక్క విడత ఇదే.

మరి ఇంత ముఖ్యమైన విడతలో, నిక్షేపంగా పనిచేస్తున్న బోర్డు జోలికి ఎందుకు వెళ్లినట్టు? బోర్డు తయారుచేసిన కంపెనీ నుంచి ఇంజనీరమ్మ ముందురోజు ఒక ఫైలు పంపింది. "ఇది వేసుకుంటే మిషనులోని వేడి, తేమ గీతలుగా మీ ఫోనులో కనిపిస్తాయి. ఈ విడత పిల్లలు దిగాక తీరిగ్గా వేసుకోండి" అని రాసింది. రెండో వాక్యం హడావిడి చదవలేదని చెప్పలేం. చదివింది. చదివి, అది తనలాంటివాళ్ల కోసం రాసింది కాదనుకుంది. మిషను దగ్గర నిలబడి ఉండిపోయే పెద్దమ్మ చేతిలో ఫోను పెట్టి, "ఇదిగో, ఇక్కడ కూర్చునే చూసుకో" అనాలని ఆమెకి రాత్రంతా ఒకటే ఆరాటం.

ఎనిమిదికి ఒక్క నిమిషం ఉందనగా మీట నొక్కింది.

ఫైలు వెళ్లే తీరు ఇంజనీరమ్మ ఇదివరకే చెప్పి ఉంది. అది మొత్తం ఒకేసారి పోదు. చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. కంప్యూటరు నుంచి వైరు లేకుండా వెనకగదిలోని రౌటరుకి, అక్కడి నుంచి వైరు మీదుగా బోర్డుకి. ఒక ముక్క పంపితే బోర్డు "అందింది" అని జవాబివ్వాలి, అప్పుడే రెండో ముక్క కదులుతుంది. అలా వేల ముక్కలు. ఐదారు నిమిషాల పని. మధ్యలో ఎక్కడ తెగినా మళ్లీ మొదటికి.

తెరమీద అంకె కదిలింది. ఐదు శాతం. పదకొండు. హడావిడి కుర్చీలో నిలకడగా కూర్చోలేక ఒక కాలు మడిచి దానిమీద కూర్చుంది. పదిహేడు. వెనకగదిలో పెద్దమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. ఎనిమిది గంటలకి ఆమె మిషను తలుపు ఓరగా తీసి లోపలి గాజు థర్మామీటరు చూసుకుంటుంది. బోర్డు మీద అంకె వెలుగుతున్నా సరే, ఆమె కంటితో చూసిందే లెక్క. ఇరవై. ఇరవై రెండు.

ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది.

హడావిడి చాలాసేపు తెరవైపే చూసింది, అంటే తన లెక్కలో చాలాసేపు. "బోర్డు పలకడం లేదు" అని ఎర్రక్షరాలు పడ్డాయి. వెంటనే వెనకగదిలోంచి పెద్దమ్మ గొంతు, ఏ కంగారూ లేకుండా, వినిపించింది.

"ఏమే, నీ బోర్డు కళ్లు మూసింది."

హడావిడి పరిగెత్తింది. బోర్డు మీద అంకె లేదు. హీటరు ఎర్రదనం లేదు. ఫ్యాను ఒక్కటే, దానికి బోర్డుతో పని లేదు కాబట్టి, తన మానాన తను తిరుగుతోంది. సంగతి ఆమెకి క్షణంలో అర్థమైంది. కొత్త ఫైలు రావడానికి చోటు చేస్తూ బోర్డు పాతదాన్ని చెరిపేసింది. ఇప్పుడు దానిలో పాతదీ లేదు, కొత్తదీ లేదు.

"పెద్దమ్మా, నేనే చేశాను," అంది. "కొత్త ఫైలు పంపుతున్నాను. మధ్యలో తెగింది. ఆగమన్నారు, నేను ఆగలేదు."

పెద్దమ్మ తిడితే బాగుండేది. తిట్టలేదు. తలుపు అద్దంలోంచి చూసింది, అద్దమంతా లోపలి తేమకి మసకబారి థర్మామీటరు కనబడలేదు. "ఇందాక తలుపు తీసి చూసినప్పుడు ముప్ఫై ఏడున్నర ఉంది. బయట చలిగా ఉంది, గంటలో ముప్ఫై రెండుకి పడిపోతుంది. అంతకన్నా దిగితే నేను పిల్లల మీద ఆశ పెట్టుకోను," అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమండీ, నీళ్లు మరగబెట్టండి. సీసాలన్నీ కావాలి," అని కేకేసింది.

కరెంటు పోయినప్పుడు పెద్దమ్మ చేసే వైద్యం అది. సీసాల్లో వేడినీళ్లు నింపి మిషను అడుగున పేర్చడం, చల్లారినవి తీసి వేడివి పెట్టడం. దానితో వేడి పెరగదు గానీ పడిపోవడం నెమ్మదిస్తుంది. పెదనాన్న పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించి, "పన్నెండు వందల మందికి స్నానాలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఏమీ అనుకోకుండా సీసాలు కడగడం మొదలుపెట్టాడు.

హడావిడి ఇంజనీరమ్మకి ఫోను చేసింది. ఆమె నిద్రలోంచి లేచిందో ఏమో గానీ విషయం వినగానే గొంతు చురుకైంది.

"బోర్డు చచ్చిపోలేదండీ. దానిలో చెరగని చిన్న భాగం ఒకటుంటుంది. కరెంటు ఇచ్చిన మొదటి పది సెకన్లూ అది ఫైలు కోసం ఎదురుచూస్తుంది. ఆ పది సెకన్లలో మీరు పంపడం మొదలుపెట్టాలి. దాటితే పడుకుంటుంది, మళ్లీ కరెంటు తీసి ఇవ్వాలి."

బోర్డు స్విచ్చి వెనకగదిలో, మీట ముందుగదిలో. మధ్యలో నడవా. పది సెకన్లు. జీవితంలో మొదటిసారి హడావిడికి తన పేరు పనికొచ్చింది. స్విచ్చి వేసి, నడవాలో జారబోయి గోడ పట్టుకుని, కుర్చీలో కూర్చోకుండానే మీట నొక్కింది. అంకె కదిలింది.

"కదిలింది," అంది ఫోనులో ఆయాసపడుతూ. "ఎనిమిది. పన్నెండు."

ఇరవై రెండు దాటినప్పుడు ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. నలభై. యాభై ఐదు. వెనకగదిలో సీసాల చప్పుడు, పెద్దమ్మ పెదనాన్నని విసుక్కుంటున్న మాటలు. అరవై. అరవై ఒకటి. అరవై ఒకటి. అరవై ఒకటి.

మళ్లీ ఎర్రక్షరాలు.

"రౌటరు మీద లైట్లు వెలుగుతున్నాయేమో చూడండి," అంది ఇంజనీరమ్మ. హడావిడి పరిగెత్తి చూసింది. సీసాలు పెట్టడం అయిపోయి పెద్దమ్మ తలుపు మూసేసింది. అరమీద రౌటరు లైట్లన్నీ టపటపా మిణుకుతున్నాయి. వైరు రెండువైపులా గట్టిగానే ఉంది. "బాగానే ఉన్నాయి" అని చెప్పింది. ఇంజనీరమ్మ ఫైలు పాడయిందేమోనని ఇంకో ప్రతి పంపింది. హడావిడి మళ్లీ స్విచ్చి వేసింది, మళ్లీ పరుగు. ఈసారి నలభై ఎనిమిది దగ్గర తెగింది.

పెద్దమ్మ నడవాలోంచి అంది, "ముప్ఫై నాలుగున్నర."

హడావిడికి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు కాబట్టి మింగేసింది. ఇరవై రెండు, అరవై ఒకటి, నలభై ఎనిమిది. ఒక లెక్కా పత్రం లేకుండా తెగుతోంది. ఫైలు తప్పయితే ప్రతిసారీ ఒకేచోట ఆగాలి. వైరు తప్పయితే అసలు అంతదూరం పోకూడదు. బోర్డు అటక ఎక్కడం సంగతి ఆమె అప్పటికే మరిచిపోయింది. పెంకుల లోపల ముక్కులు పైకెత్తుకుని పడుకున్న పన్నెండు వందల ప్రాణాలు, రెండు రోజులు ఆగలేని తన తొందర, ఇవే కళ్లముందు కదులుతున్నాయి.

"ఈసారి తెర చూడకండి," అంది ఇంజనీరమ్మ. "తెర ఏమీ చెప్పదు. వెళ్లి రౌటరు ముందు నిలబడండి. ఏం జరుగుతుందో కళ్లారా చూడండి. అంకెలు ఇంకెవరినైనా చదవమనండి."

ఆ ఉద్యోగం పెదనాన్నకి దక్కింది. ఆయన పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. హడావిడి వెనకగదిలో స్విచ్చి వేసి "నొక్కండి" అని అరిచింది. ఆయన నొక్కాడు.

"వెళ్తోందర్రా. మూడు. ఆరు. అబ్బో, తొమ్మిది."

హడావిడి రౌటరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. లైట్లు హాయిగా మిణుకుతున్నాయి. పెదనాన్న గొంతు గోడ దాటి వస్తోంది. "ఇరవై నాలుగు. ముప్ఫై. ముప్ఫై మూడు, దంచేస్తోంది." పెద్దమ్మ రెండు చంకల్లోనూ తువ్వాళ్లు చుట్టిన సీసాలు పెట్టుకుని వచ్చింది. వాటిని బల్లమీద పెట్టింది. కుడిచెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. ఎడమచెయ్యి, ఆమె దానివైపు చూడను కూడా చూడలేదు, గోడమీది ఫ్యాను స్విచ్చిని టక్‌మని ఆపింది.

ఫ్యాను ఆగింది. ఫ్యానుతో పాటు రౌటరు లైట్లన్నీ ఆరిపోయాయి.

"ముప్ఫై తొమ్మిది," అన్నాడు పెదనాన్న. "ముప్ఫై తొమ్మిదే. ఏమే, కదలడంలేదు."

హడావిడి నోరెళ్లబెట్టి పెద్దమ్మ చేతివైపు చూసింది. పెద్దమ్మ తలుపు తీసి, చల్లసీసాలు తీసి, వేడివి పెట్టి, తలుపు మూసి, ఫ్యాను వేసింది. రౌటరు లైట్లు ఒకటొకటిగా వెలిగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ టపటపా మిణుకసాగాయి.

తలుపు తీసేముందు ఫ్యాను ఆపాలి. తిరుగుతున్న ఫ్యాను లోపలి వేడిగాలినంతా ఒక్క ఊపున బయటికి తోసేస్తుంది. ఈ ఇంట్లో ఇది మొదటి పాఠం. హడావిడి పనిలో చేరిన రోజున పెద్దమ్మ నేర్పిన మొదటి సంగతి కూడా అదే. ఇక ఆ గదిలో ప్లగ్గు పెట్టుకోవడానికి ఖాళీ లేక, మూడు వారాల కిందట, అదే ఫ్యాను స్విచ్చి కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి రౌటరు ప్లగ్గు అందులో గుచ్చింది ఎవరంటే, హడావిడే. గుచ్చి, చేతులు దులుపుకుని, వేరే పనికి పరిగెత్తింది.

"దొరికింది," అంది. నవ్వొచ్చేసింది. "పెద్దమ్మా, తెంపుతున్నది నువ్వే. నువ్వు తలుపు తీసిన ప్రతిసారీ తెగుతోంది."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. తన ఎడమచేతిని తిప్పి చూసుకుంది. "నేనా? నేను సీసాలు పెట్టకపోతే ఈపాటికి..."

"నీ చెయ్యి తప్పు చెయ్యలేదు. ప్లగ్గు నేను తప్పుచోట పెట్టాను. నీ చెయ్యి సరైన పనే చేస్తోంది."

"అయితే ఈసారి ఫ్యాను ఆపను."

"ఆపకుండా ఉండగలవా?"

పెద్దమ్మ ఆలోచించింది. నిజాయితీగల మనిషి. "ఉండలేను," అంది. "ముప్ఫై నాలుగు కూడా లేదు, ఇంకో పది నిమిషాలు తలుపు తీయకుండా కూర్చోనూ లేను. ఆ డబ్బా ప్లగ్గు ఇంకోచోట పెట్టు."

"ఖాళీ లేదు కదా. ఒకటి బోర్డుకి, ఒకటి ఫ్యానుకి, ఒకటి గుడ్లు తిప్పే మోటారుకి."

పెద్దమ్మ ఆమెవైపు చూసిన చూపులో, ఆ ఉదయం మొత్తంలో మొదటిసారి, కాస్త వెటకారం కనిపించింది. "ఇవాళ ఎన్నో రోజు?"

"పంతొమ్మిది."

"గుడ్లు ఎన్నో రోజుదాకా తిప్పుతాం?"

పద్దెనిమిది. చివరి మూడు రోజులూ గుడ్లు కదల్చకూడదు, లోపల పిల్ల బయటికి రావడానికి తల సర్దుకుని ఉంటుంది. తిప్పే మోటారు ప్లగ్గు నిన్న రాత్రి నుంచీ పనిలేకుండా గోడకి వేలాడుతోంది. పెద్దమ్మ తనే వెళ్లి దాన్ని పీకేసింది. హడావిడి రౌటరు ప్లగ్గు తెచ్చి అక్కడ గుచ్చింది. పెద్దమ్మని ఆ క్షణంలో వాటేసుకోవాలనిపించింది గానీ రౌటరు తేరుకోవడానికి పట్టే నిమిషం కూడా ఆమెకి యుగంలా ఉంది.

"పెదనాన్నా, సిద్ధమేనా?"

"నేను ఎప్పుడో సిద్ధం. మీరే ఆలస్యం."

స్విచ్చి వేసింది. ఆయన నొక్కాడు. అంకెలు మొదలయ్యాయి. పది. ఇరవై. ఇరవై రెండు దాటగానే పెదనాన్న "ఒక గండం గడిచింది" అన్నాడు. ముప్ఫై ఐదు దగ్గర పెద్దమ్మ సీసాలు ఎత్తుకుంది. ఎడమచెయ్యి వెళ్లింది, స్విచ్చి టక్‌మంది, ఫ్యాను ఆగింది. రౌటరు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"ముప్ఫై తొమ్మిది," అన్నాడు పెదనాన్న. ఒక్క క్షణం ఆగాడు, కావాలనే. "నలభై."

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. చేతిలో సీసాతో, తెరిచిన తలుపు ముందు, నవ్వాపుకోలేక "తలుపు మూయనివ్వండి, వేడిగాలి పోతోంది" అంది. అరవై ఒకటి దాటినప్పుడు ముగ్గురూ ఎవరి చోట వాళ్లు ఒకేసారి "హమ్మయ్య" అన్నారు. డెబ్బై. ఎనభై నాలుగు. తొంభై దాటాక పెదనాన్న గొంతు బొంగురుపోయి, ఒక్కొక్క అంకెనీ అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. ఫోనులో ఇంజనీరమ్మ కూడా ఆయనతో కలిసి లెక్కపెడుతోందని హడావిడికి అప్పుడు తెలిసింది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

"నూరు," అన్నాడు.

బోర్డు మీద ఏమీ లేదు. నల్లగానే ఉంది. "రాసుకుంటోంది, ముట్టుకోకండి," అంది ఇంజనీరమ్మ. హడావిడి చేతులు వెనక్కి కట్టుకుని, వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. ఆమె జీవితంలో అంతసేపు కదలకుండా నిలబడటం అదే మొదలు. పెద్దమ్మ పక్కన వచ్చి నిలబడింది. సీసాల వేడికి ఆమె చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

లోపల ఎక్కడో చిటుక్కుమంది. అంకె వెలిగింది. ముప్ఫై మూడు పాయింటు ఆరు. హీటరు నెమ్మదిగా ఎర్రబడింది. ముప్ఫై మూడు పాయింటు ఏడు. పాయింటు ఎనిమిది.

హడావిడి పెద్దమ్మ భుజం మీద తల పెట్టి, ఇందాకటి నుంచీ బాకీపడ్డ ఏడుపంతా ఏడ్చేసింది. "ఇంకెప్పుడూ తొందరపడను," అంది.

"పడతావులే," అంది పెద్దమ్మ. "పడేటప్పుడు నాకొక మాట చెప్పి పడు."

ఆ సాయంత్రం హడావిడి అనుకున్నట్టే ఫోను తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. మిషను వేడి పచ్చటి గీతగా కనిపిస్తోంది. ఉదయం నుంచి ఎక్కుతూ వచ్చి, పదకొండుకి ముప్ఫై ఏడున్నర దగ్గర తిన్నగా సాగింది. కానీ గంట గంటకీ ఒక చిన్న నొక్కు.

"ఈ గాట్లేమిటే, ఎలక కొరికినట్టు?"

హడావిడి కొంచెం తటపటాయించింది. "అవి నువ్వు థర్మామీటరు చూడటానికి తలుపు తీసినప్పుడు."

పెద్దమ్మ చాలాసేపు ఆ గీత చూసింది. మర్నాడు పొద్దున హడావిడి లేచేసరికి ఆమె మిషను పక్కన కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. గీత తిన్నగా ఉంది. ఒక్క నొక్కు లేదు. ముప్ఫై ఏళ్లలో ఆమె తలుపు తీయకుండా ఉన్న మొదటి రాత్రి అది.

"మరి అటక సంగతి?" అన్నాడు పెదనాన్న.

"అటక మీద చోటు లేదు," అంది పెద్దమ్మ ఫోను నుంచి తల ఎత్తకుండా.

ఇరవై ఒకటో రోజు ఉదయం మూసిన తలుపు వెనకనుంచి కిచకిచలు మొదలయ్యాయి. మొదట ఒకటి, కాసేపటికి పది, మధ్యాహ్నానికి లెక్కపెట్టలేనన్ని. పెదనాన్న అట్టపెట్టెలు వరసగా పేర్చాడు. తడి ఆరి పిల్లలు బయటికి తీయడానికి సిద్ధమయ్యేసరికి ముగ్గురూ మిషను ముందు నిలబడ్డారు. పెద్దమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నువ్వు తియ్యి," అంది హడావిడితో.

హడావిడి ముందుకొచ్చి కుడిచేత్తో పిడి పట్టుకుంది. లోపలి కిచకిచలు వింటూ, మసక అద్దంలోకి చూస్తూ ఉండగా, ఆమె ఎడమచెయ్యి తనంత తనే గోడమీదికి వెళ్లి ఫ్యాను స్విచ్చిని టక్‌మని ఆపింది.

పెద్దమ్మ ఆ చేతివైపు చూసింది. అరమీద రౌటరు లైట్లు మిణుకుతూనే ఉన్నాయి.

"ఇంక నాకు బెంగ లేదు," అంది. "తియ్యవే."